హాస్యం ‘పండింది’, జోకు ‘పేలింది’: రెండూ ఒకటేనా?

శారద: సినిమా సమీక్షల్లో ‘కామెడీ బాగా పండింది’ అని రాస్తారు. టీవీ స్కిట్ల దగ్గరికొస్తే ‘పంచ్ పేలింది’ అంటారు. ఈ తేడా ఉత్త అలవాటేనా, అర్థంలోనే ఉందా?

మూర్తి: అర్థంలోనే ఉంది శారద గారూ. పండటానికి వ్యవధి కావాలి. పంటైనా, గోరింటాకైనా అంతే. అందుకే ‘పాత్ర పండింది’, ‘సన్నివేశం పండింది’ అంటాం గానీ ‘పాత్ర పేలింది’ అనం. పేలేది ఒక్క మాట, అదీ ఒక్క క్షణం. 1982లో వచ్చిన ‘నాలుగు స్తంభాలాట’లో జంధ్యాల గారి ‘సుత్తి’నే తీసుకోండి. మేకులు కొట్టే పనిముట్టు పేరు తెగని వాగుడికి పేరైంది. ఒక్కసారి అని వదిలేస్తే అది ఓ చమత్కారంగా మిగిలేది. మళ్లీ మళ్లీ రావడంతో పండి, వీరభద్రరావు, వేలు గార్లకు ఇంటిపేరైపోయింది. ఇవాళ సినిమా చూడనివాళ్లు కూడా ‘సుత్తి కొట్టకు’ అంటారు.

స్కిట్‌కి అంత తీరుబడి ఉండదు. 2013లో ఈటీవీలో మొదలైన ‘జబర్దస్త్’ తరహాలో పాత్రల పరిచయం, తగవు, ముగింపు అన్నీ కొద్ది నిమిషాల్లో తేలిపోవాలి. అందుకని బరువంతా వాక్యం చివరి మాట మీద పడుతుంది.

లలిత: అక్కడే తెలుగులో ఒక చిక్కుంది. మన వాక్యం మామూలుగా క్రియతో ముగుస్తుంది. ‘ఆయన ఉపన్యాసానికి అందరికంటే ముందు గడియారం నిద్రపోయింది’ అంటే, నవ్వించాల్సిన గడియారం ముందే బయటపడి, చివర క్రియ మిగిలింది. దాన్నే ‘ఆయన ఉపన్యాసానికి మొదట నిద్రపోయింది జనం కాదు, గడియారం’ అని తిప్పండి. ‘నిద్రపోయింది’ ఇక్కడ క్రియ కాదు, ‘నిద్రపోయినది’ అనే నామం. కాబట్టి నామవాక్యమై, చివరి చోటు గడియారానికి దక్కింది. దాని తర్వాత ‘అన్నమాట’, ‘తెలుసా’ లాంటివి తగిలించారో, నవ్వు చల్లారిపోతుంది.

అయితే ఈ ‘అది కాదు, ఇది’ అచ్చును ఒకే స్కిట్‌లో నాలుగుసార్లు వాడితే, ‘కాదు’ వినగానే ప్రేక్షకుడు సిద్ధమైపోతాడు. అంత్యప్రాసకూ ఇదే ప్రమాదం. మొదటి ప్రాసమాట చెవిన పడగానే రెండోది ఊహకు అందితే ఇక పేలేదేముంది? టీవీ స్కిట్లలో నాకు ఎక్కువగా కనిపించే లోపం ఇదే. ప్రాస కోసం మాటను వెతుకుతారు, ఆ మాట ఆ పాత్ర నోట రాదగినదేనా అని చూడరు.

శారద: అయితే టీవీలో హాస్యం పండదంటారా?

మూర్తి: ఎందుకు పండదు! 2001 నుంచి 2007 దాకా జెమినీ టీవీలో వచ్చిన ‘అమృతం’ ఉందిగా. అమృతరావు, ఆంజనేయులు ఏ పథకం వేసినా బోర్లాపడతారని తెలిసే చూసేవాళ్లం. ఎలా పడతారన్నదే రుచి. వారం వారం అవే పాత్రలు రావడం సినిమాకు కూడా లేని వసతి. అటు సినిమాలో కథతో సంబంధం లేకుండా అతికించిన కామెడీ ట్రాక్ మహా అయితే పేలుతుంది, పండదు. కాబట్టి తెర చిన్నదా పెద్దదా అన్నది కాదు లెక్క, పాత్రతో మనకు ఎంత పరిచయం ఉందన్నదే.

లలిత: ఇంకొకటి. ‘పేలు’కు వదరడమనే అర్థం కూడా ఉంది. ‘జోకు పేలింది’ మెప్పు. ‘అవాకులు చవాకులు పేలాడు’ తిట్టు. మాట కర్త అయితే ఒకటి, మనిషి కర్త అయితే ఇంకొకటి.

శారద: మరి పేలని జోకును ‘పేలవం’ అనడం?

లలిత: వినడానికి చుట్టరికం ఉన్నట్టే ఉంటుంది గానీ లేదండీ. పేలవం సంస్కృత పదం, మూలంలో ‘సుకుమారం’ అని అర్థం. తెలుగులో అది ‘పస లేనిది’ అయింది.