పిక్క పట్టేసినట్టు గుండె ఎందుకు పట్టేయదు?

శారద: మా అమ్మాయి తొమ్మిదో తరగతి. నిన్న రాత్రి నాకు పిక్క పట్టేస్తే కాలు నొక్కుతూ, "గుండె కూడా కండరమే కదమ్మా, దానికీ చారలుంటాయని పాఠంలో ఉంది. మరి అదెప్పుడూ ఇలా పట్టేయదేం?" అని అడిగింది. పుస్తకంలో మూడు రకాల కండరాల బొమ్మలున్నాయి గాని ఈ సంగతి లేదు. తెలిసినవారు చెప్పగలరా?

జువాలజీ మాస్టారు: శారద గారూ, తరగతిలో ఏ పిల్లవాడైనా ఈ ప్రశ్న అడుగుతాడేమోనని ఏటా ఎదురుచూస్తాను. అమ్మాయికి నా ఆశీస్సులు చెప్పండి.

పిక్క కండరంలో విద్యుత్ సంకేతం కొద్ది మిల్లీసెకన్లలోనే ముగుస్తుంది. కండరం బిగిసి సడలడానికి మాత్రం అంతకు ఎన్నో రెట్ల సమయం కావాలి. అందుకే మొదటి బిగింపు వదలకముందే నాడి నుంచి రెండో సంకేతం, మూడో సంకేతం వచ్చి పడి, కండరం సడలకుండా బిగిసే ఉంటుంది. నీళ్ళ బిందెను నడుము మీద నిలిపి ఉంచగలిగేది ఈ గుణం వల్లే. నాడి అదుపు తప్పి సంకేతాలు గుప్పిస్తే పిక్క పట్టేసేదీ దీనివల్లే.

గుండె కణంలోకి కాల్షియం మెల్లగా వస్తూ ఉండటంతో ఒక్కో సంకేతం 200 నుంచి 300 మిల్లీసెకన్లు నిలుస్తుంది. ఆ వ్యవధిలో చాలాభాగం కణం మరో సంకేతాన్ని స్వీకరించదు. మళ్ళీ సిద్ధమయ్యేసరికి కండరం సడలుతూ ఉంటుంది. సడలితేనే గదుల్లోకి రక్తం నిండుతుంది. ప్రాణం నిలిచేది ఆ విరామం మీదే! పైగా గుండె లయ గుండెలోనే పుడుతుంది, నాడులు దాని వేగాన్ని పెంచి తగ్గిస్తాయంతే.

రమణ: మా నాన్నగారికి గుండె రక్తనాళం ఒక్కసారిగా బిగుసుకుందని డాక్టరు చెప్పారు. మరి అదేమిటండీ?

జువాలజీ మాస్టారు: రమణ గారూ, అది ధమని గోడలోని నునుపు కండరం. కండరాన్ని బిగించే ప్రొటీన్లు ఆక్టిన్, మయోసిన్ అందులోనూ ఉంటాయి, వరుసలు తీరి ఉండవు కాబట్టి చారలు కనిపించవు. నెమ్మదిగా బిగుస్తుంది, తక్కువ శక్తితో చాలాసేపు బిగిసి ఉండగలదు. పేగులకు, రక్తనాళాలకు కావలసిన పనితనం అది. నాలుక కింద పెట్టుకునే నైట్రోగ్లిజరిన్ మాత్ర సడలించేది దాన్నే. ఛాతీలో నొప్పి వస్తే మాత్రం దయచేసి ఇంట్లో ఆగి చూడకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

శారద: చాలా సంతోషం మాస్టారూ. ఎక్కిళ్ళు ఏ కండరానివని ఇప్పుడు అడుగుతోంది!

జువాలజీ మాస్టారు: ఛాతీకి, పొట్టకు మధ్య ఉండే ఉదరవితానానివమ్మా. నిద్రలోనూ దానంతట అదే పనిచేస్తుంది గాని అది పిక్కలాంటి చారల కండరమే. కావాలంటే కాసేపు ఊపిరి బిగపట్టి చూడమనండి, అది మన మాట కూడా వింటుందని తెలుస్తుంది.