ఎరను పట్టిన డేగ రెక్కలు పరిచి కూర్చుంది, ఎందుకు?

పిట్టగోడ: నిన్న పొద్దున మా మేడ మీద డేగ ఒక గోరువంకను పట్టింది. వెంటనే తినలేదు. రెక్కలూ తోకా గొడుగులా పరిచి దాని మీద కమ్ముకుని, అటూ ఇటూ చూస్తూ కూర్చుంది. రెక్క విరిగిందేమోనని ఒకటే టెన్షన్. కాసేపటికి ఈకలు పీకడం మొదలుపెట్టింది. ఇలా ఎవరైనా చూశారా?

దుర్భిణి: రెక్కకేం కాలేదండీ, తిండిని దాచుకుంటోంది. కాకుల కంట పడితే దక్కనివ్వవు. ఒకసారి నా కళ్లముందే మూడు కాకులు చుట్టూ చేరి తోక పట్టి లాగాయి. పాపం, సగం తిన్నదాన్ని వదిలేసి ఎగిరిపోయింది. ఇంతకీ దాని కాళ్లు గమనించారా?

పిట్టగోడ: పిండి పిసికినట్టు కదిలాయి. నిలదొక్కుకుంటోంది అనుకున్నాను.

దుర్భిణి: చంపేది అలాగే. డేగ ఎరను గోళ్లతో బిగించి, కాస్త సడలించి, మళ్లీ బిగిస్తుంది. ముక్కు పని ఈకలు పీకడం, మాంసం చీల్చడం. ఫాల్కన్లని ఇంకో రకం వేట పక్షులున్నాయి, వాటి పద్ధతి వేరు. వాటి పై ముక్కు అంచున పన్ను లాంటి నొక్కు ఉంటుంది, దాంతో మెడ ఎముక కొరికేస్తాయి. పెరిగ్రిన్ ఫాల్కన్ అయితే గంటకు 300 కిలోమీటర్లు దాటిన వేగంతో పైనుంచి దూకి, గాల్లోనే కాళ్లతో కొడుతుంది.

రాత్రిపిట్ట: గుడ్లగూబల సంగతి కూడా చెప్పాలి. చిన్న ఎరనైతే అవి గుటుక్కున మింగేస్తాయి. అరగని బొచ్చు, ఎముకలు ఉండలా చుట్టుకుని నోట్లోంచే బయటికొస్తాయి. చెట్టు కింద దొరికిన ఒక ఉండను గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి విప్పాను. మూడు ఎలుక పుర్రెలు, పళ్లతో సహా! డేగ ఉండల్లో ఎముకలు పెద్దగా దొరకవు, దాని కడుపులోని ఆమ్లం ఘాటెక్కువ.

పిట్టగోడ: రోజూ కాస్త మాంసం పెడితే మచ్చికవుతుందా?

దుర్భిణి: దయచేసి పెట్టకండి. ఉత్త కండ తింటే కాల్షియం అందదు, ఎర ఎముకలతో సహా కావాలి దానికి. తినేటప్పుడు ఫోన్ పట్టుకుని దగ్గరికీ వెళ్లకండి. చాలా దాడులు గురి తప్పుతాయి, దొరికింది పోతే మళ్లీ పస్తే.

పిట్టగోడ: సరేనండీ. ఇవాళ మళ్లీ వచ్చింది. తొండ మీదికి రెండుసార్లు దూకింది, రెండుసార్లూ తప్పింది. మూడోసారి పట్టింది. నేను కిటికీ వెనకే ఉండిపోయాను. తిన్నాక గొంతు కింద సంచి ఉబ్బి కనిపించింది.