సమస్యాపూరణం: చీపురు పట్టిన ఘనుండె చెప్పెను తీర్పున్

నిర్వాహకుడు:
కవిమిత్రులకు నమస్కారం. కెనడాలో కర్లింగ్ ఆడి, న్యాయవాదియై, చివరకు న్యాయపీఠమెక్కిన ఆటగాని జీవితం నేటి సమస్యకు సందర్భం. ఆ ఆటలో ఇరవై కిలోలకు కొంచెం తక్కువ బరువుండే గ్రానైటు రాతిని ఒకరు జారవిడువగా, ఇద్దరు దాని ముందు మంచును చీపుళ్లతో రుద్దుతూ సాగుతారు. ఆ రాపిడికి మంచు పైపొర వేడెక్కి, రాయి మరింత దూరం, మరింత తిన్నగా పోతుంది. అందువల్ల ఇల్లూడ్చే చీపురుతో కావించే పూరణలు ఇక్కడ పొసగవు.

మొదటి పూరణ:
ఓపికతో మంచుపయిన
చూపును గురిపై నిలుపుచు సుడివడు రాతిన్
దాపునకు నడిపి పిమ్మట
చీపురు పట్టిన ఘనుండె చెప్పెను తీర్పున్

నిర్వాహకుడు:
చూ-సు యతి చక్కగా కుదిరింది. మెలి తిరుగుతూ పోయే రాతికి 'సుడివడు' అన్న మాట నాకెంతో నచ్చింది. అయితే కెనడాలో ఉన్నత న్యాయస్థానానికి నియమితులు కావాలంటే కనీసం పదేళ్ల న్యాయవాద అనుభవం ఉండాలి. ఆ పదేళ్లూ 'పిమ్మట' అన్న ఒక్క మాటలో ఇమిడిపోయాయి. న్యాయస్థానం జాడ లేనందున, తీర్పు ఆటలోనిదే అనుకొనే ప్రమాదమూ ఉంది.

రెండవ పూరణ:
లోపము తనదే యనుచును
పాపము దాచక మునుపటి పందెమునందున్
దాపరికము నొల్లని యా
చీపురు పట్టిన ఘనుండె చెప్పెను తీర్పున్

టొరంటో సభ్యురాలు:
కవిగారూ, ఆటకు ప్రాణమైన ఘట్టాన్ని పట్టుకున్నారు. కదిలే రాతికి చీపురు తగిలితే, ఎవరూ చూడకపోయినా, తగిలించినవారే ఒప్పుకోవడం అక్కడి మర్యాద. గురివైపు గీత దాటాక తగిలితే, రాళ్లన్నీ ఆగిన తరువాత ఏం చేయాలో ఎదుటి జట్టు నిర్ణయిస్తుంది. కానీ పొరపాటున తగిలినదాన్ని 'పాపము' అనడం మరీ బరువైన మాట. రెండవ పాదాన్ని 'చూపరు లెఱుగని నిజమును సూటిగ నుడివెన్' అని మార్చి చూడండి.

రెండవ పూరణకర్త:
ధన్యవాదాలమ్మా. ప్రాస కోసం తెచ్చిన 'పాపము' నన్నూ ఇబ్బంది పెట్టింది. మీ పాదాన్నే స్వీకరిస్తున్నాను.

టొరంటో సభ్యురాలు:
నిర్వాహకులకు ఒక మనవి. 1998లో నాగనో ఒలింపిక్స్‌లో సాండ్రా ష్మిర్లర్ జట్టు మహిళల కర్లింగ్ స్వర్ణం గెలిచిన దేశం కెనడా. 'ఘనుండె' అన్నచోట 'మగువయె' అనవచ్చునా?

నిర్వాహకుడు:
నిరభ్యంతరంగా అనవచ్చును. కందంలో మూడవ పాదంతో కలిపి లెక్కిస్తే ఇక్కడ వచ్చే ఆరవ గణం జగణానికి బదులు నలం (నాలుగు లఘువులు) అవుతుంది, యతి చెడదు. 'చీపురు పట్టిన మగువయె చెప్పెను తీర్పున్' అన్న పాదానికీ రేపటివరకు పూరణలు పంపండి.