కాలేజ్ ఫుట్‌బాల్ ఫాంటసీ క్యాంప్: 44 ఏళ్ళ ఒళ్ళు, 12 వారాల టైము. బెంగళూరులో ఏం ప్రాక్టీస్ చేయాలి?

ఫోర్త్‌డౌన్_బెళ్ళందూరు:

అందరికీ నమస్తే. అమెరికాలో ఎంఎస్ చదివిన యూనివర్సిటీలో జూన్‌లో అభిమానుల కోసం రెండు రోజుల ఫుట్‌బాల్ క్యాంప్ ఉంది. మన సాకర్ కాదు, హెల్మెట్ల ఫుట్‌బాల్. పాత ప్లేయర్లు, కోచ్‌లు స్టేడియంలోనే డ్రిల్స్ చేయిస్తారు. లాకర్ రూమ్‌లో మన పేరున్న జెర్సీ, చివర్లో ఫ్లాగ్ మ్యాచ్ (పడగొట్టకుండా, నడుముకి కట్టిన పట్టీ లాగితే చాలు). ఆట చూడటమే తప్ప ఎప్పుడూ ఆడింది లేదు. బరువు 88 కిలోలు, మెల్లగా 5 కిలోమీటర్లు జాగింగ్ చేయగలను. ఇక్కడే ఉండి ఎలా తయారవ్వాలి? బాల్, బూట్లు ఎలాంటివి కొనాలి? బి1/బి2 (బిజినెస్, టూరిస్టు) వీసా ఉంది, అది చాలా?

జయనగర్_ఫిట్‌నెస్:

ట్యాక్లింగ్ (మీదపడి పడగొట్టడం) ఉండదు కదా, దెబ్బలు తగలవులే అనుకోకండి. ఇలాంటి చోట 40 గజాల పరుగు పెడతారు. స్టాప్‌వాచ్ చూడగానే అందరికీ కాలేజీ రోజులు గుర్తొస్తాయి, హామ్‌స్ట్రింగ్ (తొడ వెనక కండరం) పట్టేసేది అక్కడే. 40 గజాలంటే 36.6 మీటర్లు. మీ 5 కిలోమీటర్ల జాగింగ్ గుండెకి మంచిదే గానీ దీనికి అక్కరకు రాదు. ఫుల్ స్పీడులో ముందుకి విసిరిన కాలు నేల తాకేలోపు తొడ వెనక కండరం సాగుతూనే బ్రేకు వేయాలి. జాగింగ్‌లో దానికి ఆ పనే పడదు.

ముందు బీపీ, షుగర్, టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద గుండె పరీక్ష) చేయించుకోండి. ఎలాగూ క్యాంప్‌వాళ్ళు డాక్టర్ కాగితం అడిగే అవకాశం ఉంది.

మొదటి నాలుగు వారాలు స్ప్రింట్లు అసలొద్దు. నార్డిక్ కర్ల్స్ చేయండి. కింద మెత్తగా ఏదైనా వేసుకుని మోకాళ్ళ మీద నిలబడండి, మడమలు ఇంకొకరు గట్టిగా పట్టుకోవాలి. నడుము వంచకుండా వీలైనంత మెల్లగా ముందుకి వాలి, చివర్లో చేతులు ఆనించండి. పైకి లేవడానికి చేతుల సాయం తీసుకోవచ్చు, వాలడమే అసలు పని. వారానికి రెండుసార్లు, 2 సెట్లు, సెట్టుకి 4 మించొద్దు. మర్నాడు మెట్లు దిగుతుంటే ఎందుకు మించొద్దన్నానో తెలుస్తుంది. పిక్కలకి ఒంటికాలి మీద కాఫ్ రైజెస్ (మడమ పైకెత్తి దించడం), 12 చొప్పున 3 సెట్లు.

ఐదో వారం నుంచి కాస్త ఏటవాలుగా ఉన్న గడ్డి నేల మీద పైకి 20 మీటర్లు, 6 సార్లు, మీ ఫుల్ స్పీడులో 70 శాతం. ఎత్తు ఎక్కేటప్పుడు అడుగు పొట్టిదవుతుంది, హామ్‌స్ట్రింగ్ మీద లాగుడు తగ్గుతుంది. ఎనిమిదో వారం నుంచి చదును నేల మీద 30 మీటర్లు, 80 శాతం. 10, 11 వారాల్లో 95 దాకా వెళ్ళొచ్చు, నాలుగు పరుగులే. మధ్యలో 3 నిమిషాల రెస్టు, రెండు స్ప్రింట్ సెషన్ల మధ్య కనీసం 48 గంటలు. చివరి వారం తేలిగ్గా ఉంచండి.

ఇంకోటి, గంటల లెక్కన అద్దెకిచ్చే ఫైవ్స్ టర్ఫ్ (ఐదుగురేసి ఆడే చిన్న సాకర్ గ్రౌండు) దీనికి చాలదు. 40 గజాల గీత దాటాక ఆగడానికి ఇంకో 15 మీటర్లైనా ఉండాలి. లేకపోతే వెళ్ళి వలలో పడతారు, లేదా సడన్ బ్రేకు కొట్టి మోకాలు పాడుచేసుకుంటారు. క్రికెట్ ఆడే పెద్ద గ్రౌండు చూసుకోండి. ఆదివారం కబ్బన్ పార్కులో బండ్లు రానివ్వరని అక్కడి తారు రోడ్డు మీద స్ప్రింట్లు మొదలుపెట్టొద్దు, అది జాగింగ్‌కే.

స్లాంట్_రూట్:

బాల్ సంగతి. రగ్బీ బాల్‌తో సరిపెట్టుకోవద్దు. దాని నడుము చుట్టుకొలత దాదాపు 60 సెంటీమీటర్లు, అమెరికన్ ఫుట్‌బాల్‌ది 53–54. పైగా రగ్బీ బాల్‌కి లేసులుండవు. విసిరేటప్పుడు వేళ్ళు ఆ లేసుల మీదే పట్టు దొరకబుచ్చుకుంటాయి. కొనేటప్పుడు యూత్, జూనియర్ కాకుండా అఫీషియల్ సైజు తీసుకుని, 13 పీఎస్ఐ దగ్గర గాలి కొట్టించండి. గాలి తక్కువైన బాల్‌కి అలవాటుపడితే అక్కడి బాల్ చేతిలోంచి ఎగిరిపోతుంది.

క్యాచింగ్‌లో మనకి క్రికెట్ అలవాటు అడ్డొస్తుంది. ఛాతీకి పైన వచ్చే బాల్‌కి వేళ్ళు ఆకాశం వైపు, రెండు బొటనవేళ్ళూ దగ్గరగా, ఎత్తు క్యాచ్‌ని ఆస్ట్రేలియా ఫీల్డర్లు పట్టినట్టు. నడుము కింద వస్తే చిటికెన వేళ్ళు దగ్గరగా. ఛాతీకి హత్తుకుని పట్టబోతే బాల్ ఎగిరి అవతల పడుతుంది. వేళ్ళు తిన్నగా బాల్ వైపు చాపితే కొస తగిలి మ్యాలెట్ ఫింగర్ అవుతుంది, అంటే వేలి చివరి కణుపు వంగిపోయి లేవదు. దానికి 6–8 వారాలు తియ్యకుండా స్ప్లింట్ వేసుకోవాలి. కీబోర్డు ఉద్యోగాలవాళ్ళం, జాగ్రత్త.

రూట్ ట్రీ నెంబర్లు (క్యాచ్ పట్టేవాడు పరుగెత్తే దారులకిచ్చిన అంకెలు) వెళ్ళేముందే కంఠతా పట్టండి. సరి అంకెలు మైదానం మధ్యలోకి, బేసి అంకెలు సైడ్‌లైన్ వైపు తిరుగుతాయి. 2 స్లాంట్, 5 ఔట్, 8 పోస్ట్, 9 మాత్రం నేరుగా ముందుకే, దాని పేరు గో. టీమును బట్టి కొన్ని పేర్లు మారతాయి గానీ ఈ లెక్క తెలిస్తే హడిల్‌లో (ఎత్తు చెప్పుకోవడానికి టీమంతా గుమిగూడినప్పుడు) తెల్లమొహం వేయక్కర్లేదు.

బూట్లకి సాకర్ ఎఫ్‌జీ (గట్టి గడ్డి నేలకి) మోల్డెడ్ స్టడ్స్ చాలు, ఇనుప స్టడ్స్ వద్దు. స్టేడియం ఆర్టిఫిషియల్ టర్ఫ్ అయితే టీఎఫ్ (పొట్టి స్టడ్స్ టర్ఫ్) బూట్లే మేలు. పొడుగు స్టడ్స్ టర్ఫ్‌లో దిగబడి పాదం కదలదు, మోకాలు మాత్రం తిరుగుతుంది. లిగమెంట్ పోయేది అలాగే. జేబుల్లేని షార్ట్స్ కొనండి, ఫ్లాగ్ లాగబోయి అవతలివాడి వేలు జేబులో ఇరుక్కుంటుంది.

వీసా_మామ:

బి1/బి2 సరిపోతుంది. డిగ్రీకి లెక్కకి రాని చిన్న సరదా కోర్సులకి బి2 చాలు. ఇమిగ్రేషన్‌లో "ఫుట్‌బాల్ ట్రైనింగ్" అని మొదలుపెట్టి లేనిపోని ప్రశ్నలు తెచ్చుకోవద్దు. అభిమానుల క్యాంప్, రెండు రోజులు, ఫీజు నేనే కట్టాను అని ఉన్నదున్నట్టు చెప్పి రసీదు చూపించండి. ట్రావెల్ ఇన్సూరెన్స్ కొనేముందు "అమెచ్యూర్ స్పోర్ట్స్‌లో తగిలిన గాయానికి కవర్ ఉందా" అని ఈమెయిల్‌లో అడిగి, రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. ఫోన్లో చెప్పిన "ఉంది సార్" క్లెయిమ్ రోజున పనికిరాదు. ఫీజులో కొంత అక్కడి ఛారిటీకి పోతుందంటే సంతోషమే గానీ, మన ఇన్‌కమ్ ట్యాక్స్ 80జీ (విరాళాల మినహాయింపు)లో అది చూపించుకోవడానికి కుదరదు.

ఫోర్త్‌డౌన్_బెళ్ళందూరు:

చాలా థాంక్స్ అండీ. పొజిషన్ ఎంచుకోమంటున్నారు. క్వార్టర్‌బ్యాక్ (బాల్ విసిరేవాడు) పెట్టనా?

స్లాంట్_రూట్:

అందరూ అదే పెడతారు. లైను పెద్దదవుతుంది, విసిరే ఛాన్సులు తగ్గుతాయి. 88 కిలోలకి టైట్ ఎండ్ పెట్టండి. బ్లాకింగ్ (అవతలివాళ్ళని అడ్డుకోవడం) డ్రిల్ దొరుకుతుంది, క్యాచులూ దొరుకుతాయి. మూడు ఆనికల స్టాన్స్ (రెండు పాదాలు, ఒక చెయ్యి నేలకి ఆనించి వంగడం) ఇంట్లో అద్దం ముందు చూసుకోండి. వీపు చదునుగా ఉండాలి, నేల మీది చేతిని ఎత్తినా ముందుకి తూలకూడదు. తూలుతున్నారంటే బరువంతా చేతి మీదే ఉంది, అలా అయితే పక్కకి కదల్లేరు.

తాంబరం_టైట్‌ఎండ్:

ఎండ గురించి ఎవరూ చెప్పలేదు. మీ యూనివర్సిటీ దక్షిణాది రాష్ట్రాల్లో ఉంటే జూన్ ఉక్క మా చెన్నైకి తీసిపోదు, టర్ఫ్ అయితే గాలికన్నా బాగా వేడెక్కుతుంది. మీ బెంగళూరు చల్లదనంలో చేసిన ప్రాక్టీస్ దానికి చాలదు. ఒళ్ళు వేడికి అలవాటు పడటానికి 7 నుంచి 14 రోజులు పడుతుంది. చివరి రెండు వారాలు మధ్యాహ్నం ఎండలో 30–40 నిమిషాలు చురుగ్గా నడవండి, ఓఆర్ఎస్ దగ్గర పెట్టుకోండి. తూర్పు తీరానికైతే తొమ్మిదిన్నర గంటల తేడా, కనీసం మూడు రోజులు ముందే దిగండి. విమానం దిగిన రోజూ, మర్నాడూ స్ప్రింట్లు వద్దు. సీట్లో మడిచి మడిచి పిక్కలు బిగుసుకుపోయి ఉంటాయి.