చూపు లేని తమ్ముడి గేమ్ ఆగిపోయింది, డెవలపర్‌కి ఎలా రాయాలి?
అందరికీ నమస్తే, మా తమ్ముడికి పుట్టుకతోనే చూపు లేదు, కంప్యూటర్ అంతా ఎన్‌వీడీఏతో (స్క్రీన్ మీద ఉన్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్) వాడతాడు, గేమ్‌లో శత్రువు ఎడమ నుంచి వస్తున్నాడా కుడి నుంచా అని హెడ్‌ఫోన్స్‌లో సౌండ్ బట్టే పట్టేస్తాడు. వాడు రోజూ ఆడే ఒక చిన్న ఆడియో గేమ్‌లో (సౌండ్ వింటూ ఆడేది) అప్‌డేట్ తర్వాత మెనూ చదవడం ఆగిపోయింది, మెయిల్ పెట్టాం, రిప్లై లేదు, వాడు బాగా దిగులుపడుతున్నాడు. 2023లో వచ్చిన ఫోర్జా మోటార్‌స్పోర్ట్ అనే కార్ రేస్ గేమ్‌లో చూపు లేనివాళ్లు రేస్ చేసేలా సౌండ్ గుర్తులు పెట్టారు కదా, అది చూపు లేని గేమర్ బ్రాండన్ కోల్‌తో కలిసి చేసిందే, అందుకే సరిగ్గా చెప్తే వింటారనే నా నమ్మకం. బగ్ రిపోర్ట్‌లో ఏమేం రాయాలి, స్క్రీన్ రీడర్ వెర్షన్ కూడా చెప్పాలా, వాడు ఆడేటప్పుడు ఆడియో రికార్డ్ చేసి పంపితే పనికొస్తుందా? ఇంకోటి, ది వేల్ అనే ఆడియో గేమ్ ఎవరైనా ఆడారా, ఇంగ్లిష్ అంతంతమాత్రం వచ్చినవాడికి కథ అర్థమవుతుందా? ప్లీజ్ చెప్పండి.