1/35 టీ-55: హెయిర్‌స్ప్రే చిప్పింగ్ ఒకచోట పొరలుగా లేస్తోంది, ఒకచోట కదలట్లేదు. తుప్పు రంగుల గురించి కూడా

రంగులడబ్బా (విశాఖ):

నమస్తే అండీ. టామియా 1/35 (అసలు దానిలో ముప్పై అయిదో వంతు సైజు) టీ-55ఏ ట్యాంకు కిట్ చేస్తున్నాను. 1989లో సోవియట్ సేనలు వెళ్ళిపోయాక అఫ్ఘానిస్తాన్‌లో మిగిలిపోయిన ట్యాంకుల్లో ఒకటిగా, పంజ్‌షీర్ లోయలో పడి ఉన్నట్టు చేయాలని. పేలి కాలిపోయింది కాదు, ఏళ్ళ తరబడి ఎండకీ మంచుకీ వదిలేసింది.

రంగు పెచ్చులుగా ఊడినట్టు కనిపించడానికి హెయిర్‌స్ప్రే చిప్పింగ్ (రెండు రంగుల మధ్య హెయిర్‌స్ప్రే కొట్టి, తడిపి పై రంగు లేపడం) చేస్తున్నాను. ఇప్పటిదాకా వేసిన పొరలు: గ్రే ప్రైమర్, ఎరుపు కలిసిన బ్రౌన్, రెండు కోట్లు హెయిర్‌స్ప్రే, పైన డ్రాపర్ సీసాలో వచ్చే రకం వాటర్ అక్రిలిక్ ఆకుపచ్చ. మర్నాడు తడిపి బ్రష్‌తో రుద్దితే మడ్‌గార్డుల మీద రంగు పాము కుబుసంలా ఊడొస్తోంది. టరెట్ (పైన ఫిరంగి ఉండే గుండ్రటి భాగం) మీద అస్సలు కదలదు, గట్టిగా రుద్దితే బ్రౌన్‌తో సహా పోయి గ్రే బయటపడుతోంది. స్పాంజితో అద్దిన తుప్పు చుక్కలేమో పచ్చి నారింజ రంగులో అతికించినట్టున్నాయి. ఎక్కడ తేడా కొడుతోంది?

ఎయిర్‌బ్రష్_సుబ్బు:

మీకున్నది ఒక సమస్య కాదండీ, మూడు కలిసిపోయాయి.

మొదటిది రంగు. డ్రాపర్ సీసా అక్రిలిక్కులు చాలావరకు ఆరాక సాగే పొరలా తయారవుతాయి. కింద హెయిర్‌స్ప్రే కరగ్గానే ఆ పొర విరగదు, సాగుతూ మొత్తంగా లేస్తుంది. చిప్పింగ్‌కి పెళుసుగా ఆరే రంగు కావాలి. టామియా ఎక్స్ఎఫ్ సిరీస్ అక్రిలిక్ ఈ పనికి పెట్టింది పేరు. రంగు ఒక పాలు, ఎక్స్-20ఏ థిన్నర్ ఒక పాలు. థిన్నర్‌లో సగం నీళ్ళు పోసినా ఇబ్బంది లేదు, ఇంకా తేలిగ్గా లేస్తుంది. లాకర్ థిన్నర్ మాత్రం వద్దు, అది హెయిర్‌స్ప్రేని కొరుక్కుంటూ దిగి కింది పొరకి అతుక్కుపోతుంది.

రెండోది టైము, మందం. పై రంగు చేతికి అంటకుండా ఆరితే చాలు, 20-30 నిమిషాల్లో పని మొదలుపెట్టాలి. రాత్రంతా ఉంచితే గట్టిపడి నీళ్ళు లోపలికి దిగవు. టరెట్ గుండ్రంగా ఉంటుంది కాబట్టి ఎయిర్‌బ్రష్ తిప్పుతూ ఆగిన ప్రతిచోటా రంగు రెట్టింపు పడుతుంది, మొండికేయడానికి అదీ కారణమే. గాలి ఒత్తిడి 12-15 పీఎస్ఐలో పెట్టి పలచగా, కింది బ్రౌన్ కప్పీ కప్పనట్టు ఉండగానే ఆపేయండి. ఎలాగూ ఎండకి వెలిసిన ట్యాంకు, ఆ పలచదనం మీకు కలిసొస్తుంది. ట్యాంకంతా ఒకేసారి వేయకుండా మడ్‌గార్డులు ఒక విడత, హల్ (ట్యాంకు కింది బాడీ) ఒక విడత, టరెట్ ఒక విడతగా వేసి ఎప్పటికప్పుడు చిప్పింగ్ ముగించండి.

మూడోది, బ్రౌన్‌కి కాపలా లేదు. దాని మీద లాకర్ క్లియర్ (రంగులేని పూత) వేసి 24 గంటలు ఆరనివ్వాలి. టామియా టీఎస్-80 ఫ్లాట్ క్లియర్ డబ్బా సరిపోతుంది. ఆ పొర ఉంటే ఎంత రుద్దినా గ్రే బయటికి రాదు. విశాఖలో వాన రోజున లాకర్ కొట్టకండి. ద్రావకం ఆవిరవుతూ పైభాగాన్ని చల్లబరుస్తుంది, గాలిలో తేమ దాని మీద చేరి క్లియర్ తెల్లగా మసకబారుతుంది. తప్పదంటే సీసా క్లియర్‌ని మిస్టర్ కలర్ లెవెలింగ్ థిన్నర్‌తో కలిపి ఎయిర్‌బ్రష్‌తో వేయండి. అది మెల్లగా ఆరుతుంది కాబట్టి తెల్లబడటం తగ్గుతుంది.

హెయిర్‌స్ప్రే 20-25 సెం.మీ. దూరం నుంచి. ఒక కోటైతే సన్న గీతలు, రెండైతే పెచ్చులు. తేమ రోజుల్లో జిగట వదలదు, అడుగు దూరం నుంచి హెయిర్ డ్రయ్యర్ గోరువెచ్చగా రెండు నిమిషాలు పెట్టండి.

ఇక చిప్పింగ్. ఒక అంగుళం మేర గోరువెచ్చటి నీళ్ళతో తడిపి అర నిమిషం ఆగండి. పాత బ్రష్ కుచ్చుని 3-4 మి.మీ. మిగిలేలా కత్తిరించి, నిలువుగా పొడిచినట్టు తాకించండి. అడ్డంగా రుద్దితే పెచ్చుల అంచులు గుండ్రబడి అరిగిపోయిన రంగులా కనిపిస్తుంది. గీతలకి టూత్‌పిక్. అయ్యాక మంచినీళ్ళతో ఒకసారి తుడిచి ఆరబెట్టి క్లియర్‌తో సీల్ చేయాలి. లేకపోతే తర్వాత నీళ్ళు తగిలిన ప్రతిసారీ మళ్ళీ లేస్తుంది.

పాత_ఇనుము:

సుబ్బు గారు చెప్పిన దాంట్లో ఒక్క చేర్పు: ఆఖరి సీల్ మ్యాట్ (మెరుపు లేనిది) కాకుండా శాటిన్ (కొద్దిపాటి మెరుపున్నది) అయితే మేలు. మ్యాట్ మీద ఆయిల్ రంగు పెట్టగానే మరక పీల్చేసుకుంటుంది, వెనక్కి తీయలేం.

నారింజ సంగతికొస్తే, అది కొత్త తుప్పు రంగు. ఏళ్ళుగా పడున్న ఇనుము ముదురు బ్రౌన్‌లోకి తిరుగుతుంది. మీ ట్యాంకు మీద తుప్పులో ముప్పాతిక వంతు ముదురు రంగే ఉండాలి. నారింజ ఛాయ పెచ్చు మధ్యలో పెట్టకండి, పెచ్చు అంచు దాటి ఆకుపచ్చ మీదికి మసగ్గా పాకినట్టు ఉండాలి.

వరస ఇదీ. టామియా ఎక్స్ఎఫ్-64 ఎరుపు బ్రౌన్ మూడు పాళ్ళు, ఎక్స్ఎఫ్-1 నలుపు ఒక పాలు. ప్యాకింగ్ ఫోమ్ ముక్కని కత్తిరించకుండా చేత్తో తుంచండి, కత్తిరిస్తే తిన్నటి అంచు పడుతుంది. రంగులో ముంచి, టిష్యూ మీద ఇక ఏమీ అంటట్లేదు అనిపించేదాకా అద్ది, అప్పుడు మోడల్ మీద పెట్టండి. 1/35లో 1 మి.మీ. చుక్క అంటే అసలు బండి మీద మూడున్నర సెంటీమీటర్ల పెచ్చు అని గుర్తుంటే చెయ్యి దానంతటదే ఆగుతుంది.

తర్వాత ఆయిల్ రంగులు: బర్న్ట్ అంబర్, బర్న్ట్ సియెన్నా, కొంచెం ఎల్లో ఓకర్. కామెల్ ఆర్టిస్ట్ ట్యూబులు చాలు. అట్టముక్క మీద పిండి అరగంట వదిలేయండి, నూనె అట్ట పీల్చుకుంటుంది. ఆ నూనె పోకపోతే నిగనిగలాడుతూ రోజుల తరబడి ఆరదు. సన్న బ్రష్‌తో పెచ్చుల అంచున చుక్క పెట్టి, పది నిమిషాలాగి, వైట్ స్పిరిట్‌లో తడిపి గుడ్డకి తుడిచేసిన బ్రష్‌తో చుక్క అంచు చెరపండి. బ్రష్ తడిగా ఉంటే ద్రావకం కీళ్ళలోకి పారుతుంది, సస్పెన్షన్ చేతుల్లాంటి ఒత్తిడిలో ఉన్న ప్లాస్టిక్ పుటుక్కున విరుగుతుంది.

ఎక్కడ ఎంత తుప్పు అన్నది లోహాన్ని బట్టి. మడ్‌గార్డులు, వాటి మీది సామాన్ల పెట్టెలు పలచటి రేకు, కాబట్టి పెద్ద పెచ్చులు, సొట్టలు, చిల్లులు అన్నీ అక్కడే. టరెట్ దళసరి పోత ఉక్కు. దాని మీద పెచ్చులు తగ్గించి, పొడి తుప్పు ఛాయ పలచగా పరిస్తే బాగుంటుంది. చక్రాల రబ్బరుకి తుప్పు పట్టదని వేరే చెప్పక్కర్లేదు గానీ, మోడళ్ళ ఫోటోల్లో రోజూ కనిపిస్తూనే ఉంది. ఎం113 (అమెరికా సైనిక వాహనం) మీద తుప్పు కార్చడం ఇంకో వింత, దాని బాడీ అల్యూమినియం.

తుప్పు ఎక్కడ మొదలవుతుందో చూడాలంటే విజయవాడ ఆటోనగర్‌లో పడున్న పాత లారీ బాడీలకి మించిన పాఠం లేదు: రేకు అంచు, వెల్డింగు గీత, బోల్టు చుట్టూ, నీళ్ళు నిలిచే మూల. ఎంత కారుతుందన్నది మాత్రం అక్కడి నుంచి తీసుకోకండి. పంజ్‌షీర్ పొడి నేల, పొడుగాటి ధారలు అక్కడ నప్పవు. వెలిసిన రంగు, దుమ్ము ఎక్కువ చూపించండి. అంచుల మీద 6బీ పెన్సిల్ రుద్ది తెచ్చే లోహపు మెరుపు కూడా వద్దు. అది రోజూ తిరిగే బండికి. వదిలేసిన బండిలో మెరిసిన చోటే ముందు తుప్పు పడుతుంది.

రంగులడబ్బా (విశాఖ):

చాలా థ్యాంక్స్ అండీ ఇద్దరికీ. మడ్‌గార్డుల రంగు ఊడదీసి మళ్ళీ మొదలుపెడతాను. సైలెన్సర్, ట్రాకుల సంగతి కూడా చెబుదురూ. పిగ్మెంట్ (రంగు పొడి) సీసాలు ఇక్కడ దొరకట్లేదు, వాటికి బదులు ఏమైనా ఉందా? హెయిర్‌స్ప్రేకి బదులు ఉప్పు గళ్ళు అంటించి, పైన రంగు వేసి రాల్చేసే పద్ధతి మడ్‌గార్డులకి తేలికంటారు, నిజమేనా?

తెల్లసిమెంటు:

ఉప్పు పద్ధతి మీ ఊళ్ళో ఈ సీజన్లో వద్దు. గాలిలో తేమకి ఉప్పు చెమర్చి బ్రౌన్ మీద మరకలు కడుతుంది. పైగా మన కళ్ళుప్పు గళ్ళు 1/35కి మరీ పెద్దవి.

టీ-55కి సైలెన్సర్ ఎడమ మడ్‌గార్డు వెనక భాగంలో ఉంటుంది. వేడికి రంగు ఎప్పుడో పోయి ఉంటుంది కాబట్టి అక్కడ ఆకుపచ్చ అసలు వేయకండి. మిస్టర్ సర్ఫేసర్ 500 (చిక్కటి ప్రైమర్) సీసా నుంచి నేరుగా రాసి, చిక్కబడుతుండగా గట్టి బ్రష్‌తో పొడవండి. గరుకు వస్తుంది. ఒక గంట ఆరాక ముదురు బ్రౌన్, దాని మీద పొడి.

పిగ్మెంట్‌కి బదులు డ్రై పాస్టెల్ స్టిక్కుల్ని 400 నంబర్ ఎమరీ కాగితం మీద అరగదీసి, పలచటి గుడ్డలో జల్లించుకోండి. ఆయిల్ పాస్టెల్ అరగదు, ముద్దవుతుంది, కొనేముందు డబ్బా మీద చూసుకోండి. నిజం తుప్పు గీకి వాడదామనే ఆలోచన బాగానే ఉంటుంది గానీ, ఎంత జల్లించినా ఇసుక రవ్వలా ఈ స్కేలుకి పెద్దగా కనబడుతుంది.

పొడిని పొడిగానే పెట్టి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ బొట్టు పక్కన తాకిస్తే తనంతట పాకుతుంది. బ్రష్‌తో పొడి మీద రాస్తే ముద్దలు కడుతుంది. అయితే అడుగున ఉన్న అక్రిలిక్‌ని ఆల్కహాల్ కరిగిస్తుంది, శాటిన్ సీల్ పడనిచోట వైట్ స్పిరిట్ వాడండి. తడిగా ఉన్నప్పుడు బాగా నల్లగా కనిపిస్తుంది, కంగారుపడి మళ్ళీ వేయకండి, ఆరాక రంగు తేలుతుంది. దాని మీద స్ప్రే క్లియర్ కొడితే పొడిదనం మొత్తం పోతుంది, అందుకే పొడి పని అన్నిటికంటే ఆఖరున.

ట్రాకులు మాంగనీసు ఉక్కు, నారింజ జోలికి పోకుండా ముదురు బ్రౌన్ మీద బర్న్ట్ అంబర్ వాష్ (బాగా పలచన చేసిన రంగు) ఒకటి వేసి, కింది వరసలో లింకుల మధ్య లేత మట్టిరంగు పొడి కూరండి. నేలకి తాకే వైపు మట్టి ఎక్కువ, పై వరసలో తుప్పు ఎక్కువ.

ఎయిర్‌బ్రష్_సుబ్బు:

మడ్‌గార్డులు కడిగేటప్పుడు ఎక్స్-20ఏలో నానబెట్టకండి, కిందున్నది అక్రిలిక్ బ్రౌన్ అయితే అదీ పోతుంది. గోరువెచ్చటి నీళ్ళలో పావుగంట వదిలేయండి, హెయిర్‌స్ప్రే కరిగి ఆకుపచ్చ దానంతటదే వస్తుంది. టరెట్ మీద ఎలాగూ గ్రే బయటపడింది కాబట్టి దాన్ని మొత్తం తీసేసి ప్రైమర్ నుంచి వేసుకోవడమే నయం.