జిప్సీకి ఆటోమేటిక్ లాకర్: వెనక ఇరుసుకా, ముందు ఇరుసుకా, అసలు వద్దా?

ఎర్రమట్టి:
నాది మారుతి జిప్సీ. వారానికి రెండుసార్లు మారేడుమిల్లి ఘాట్ మీదుగా తోటకు వెళ్లాలి. చివరి రెండు కిలోమీటర్లు మట్టిబాట. మొన్నటి వానకు వెనక ఎడమ చక్రం గాడి మీద వేలాడింది, ముందు కుడి చక్రం బురదలో గిర్రున తిరిగింది. ఫోర్‌వీల్ వేసి లో గేరులో పెట్టినా బండి అంగుళం కదలలేదు. శక్తంతా తిరిగే చక్రానికే పోతోందని, వెనక ఆటోమేటిక్ లాకర్ (ఎడమ, కుడి చక్రాలను కలిపి బిగించే పరికరం) వేయించమని మెకానిక్ అన్నారు. డిఫరెన్షియల్ (మలుపులో ఎడమ, కుడి చక్రాలను వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే గేర్ల పెట్టె) లోపలి చిన్న గేర్లు తీసి వాటి చోట బిగించే రకం. వాడుతున్నవారు చెప్పండి.

గ్రీజుచేతులు:
తప్పకుండా వేయించండి, అదీ వెనకే. ఎత్తు ఎక్కేటప్పుడు బరువు వెనక్కి వాలుతుంది, పట్టు దొరికేది అక్కడే. అయితే మీ మెకానిక్ మాటలో చిన్న పొరపాటుంది. మామూలు డిఫరెన్షియల్ రెండు వైపులా టార్క్‌ను, అంటే తిప్పే బలాన్ని, సమానంగానే పంచుతుంది. గాలిలో ఉన్న చక్రం తిరగడానికి దాదాపు బలమే అక్కర్లేదు. కాబట్టి నేల మీదున్న చక్రానికీ ఆ కాస్తే అందుతుంది. బండి కదలనిది అందుకే.

ఘాట్‌దారి:
గ్రీజుచేతులు గారూ, తోటబాట రెండు కిలోమీటర్లు. మిగతాదంతా తారు ఘాట్ కదా! నేను వెనక వేయించి, ఏడాదికే తీయించాను. జిప్సీ ముందు, వెనక చక్రాల మధ్య దూరం 2,375 మిల్లీమీటర్లే. యాక్సిలరేటర్ మీద కాలుంటే మలుపులో లోపలి చక్రం నెడుతుంది, బయటిది టక్ టక్‌మంటూ జారుకుంటుంది. కాలు తీయగానే బండిని ఇంజిన్ నిదానింపజేసే బలం బయటి చక్రానికి మారుతుంది. ఎండలో అది చిన్న కుదుపే. ఒక రోజు చినుకుల్లో హెయిర్‌పిన్ మలుపు మధ్యలో ఎదురుగా లారీ కనబడి కాలు తీశాను. వెనక భాగం లోయవైపు తిరిగింది. పిట్టగోడకు జానెడు దూరంలో ఆగాం. వెనక సీట్లో మా అమ్మ ఉంది. లాకర్ ముందు ఇరుసుకు వేయించండి. ముందు చక్రాలను ఇరుసుతో కలిపే హబ్‌లు విడిచి ఉంచితే తారు రోడ్డు మీద ఆ లాకర్ ఉన్నట్టే తెలియదు.

గ్రీజుచేతులు:
మీ అమ్మగారు క్షేమంగా ఉన్నారు, అది చాలు. కానీ ముందు వేస్తే ఫోర్‌వీల్‌లో స్టీరింగ్ రాయిలా బిగుస్తుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పి గట్టిగా తొక్కితే సీవీ జాయింట్ (ముందు చక్రం పక్కకు తిరిగినా దానికి బలం అందించే కీలు) విరుగుతుంది. అడవిలో అది విరిగితే ఎవరిని పిలుస్తారు?

లోగేరు:
ఆటోమేటిక్ అనే ఒక్క మాటకు ఇక్కడ రెండు అర్థాలున్నాయి. 2015 మహీంద్రా థార్‌లో వచ్చిన ఈటన్ కంపెనీ లాక్ మామూలుగా విడిగానే ఉంటుంది. రెండు చక్రాల వేగాల్లో తేడా నిమిషానికి సుమారు 100 చుట్లు దాటినప్పుడే బిగుసుకుంటుంది. ఎర్రమట్టి గారికి చెప్పినది దీనికి సరిగ్గా తిరగబడ్డ రకం. ఎప్పుడూ బిగిసే ఉండి, మలుపులో మాత్రమే విడిపోతుంది. థార్‌ను చూసి ఇది కొనకండి. ఫోర్స్ గూర్ఖా జీపులోలాగా అవసరమైనప్పుడు చేత్తో వేసుకునే లాక్ జిప్సీకి దొరికితే నా ఓటు దానికే. అప్పటిదాకా, చక్రం వేలాడినప్పుడు ఎడమ కాలితో బ్రేకు కొద్దిగా అదిమి, కుడి కాలితో నిదానంగా యాక్సిలరేటర్ ఇవ్వండి. బ్రేకును ఎదిరించేంత టార్క్ పుడుతుంది, అంతే టార్క్ రెండో వైపుకీ అందుతుంది. 2023 మారుతి జిమ్నీ ఈ పనినే కంప్యూటర్‌తో చేస్తుంది.

ఘాట్‌దారి:
ఏది వేసినా ఎడమా కుడీ టైర్లు ఒకే అరుగుదలలో, ఒకే గాలితో ఉండాలి. తేడా ఉంటే తిన్నని రోడ్డు మీద కూడా లాకర్ టక్కుటక్కుమంటూనే ఉంటుంది.

ఎర్రమట్టి:
అందరికీ కృతజ్ఞతలు. మా పాపను బడికి దింపేదీ ఈ బండిలోనే, కాబట్టి వెనక వేయించను. నా హబ్‌లు చేత్తో తిప్పేవే. ఆదివారం ముందు చక్రాలు విప్పించి సీవీ జాయింట్లు చూపిస్తాను. ఘాట్‌దారి అన్నా, ముందు లాకర్‌తో ఇరుకు మలుపులో వెనక్కి తీసేటప్పుడు హబ్‌లు మధ్యలో విడిచేవారా, అలాగే తిప్పేవారా?